'నువ్వు'కూ 'మీరు'కూ మధ్య వైద్యం

వైద్య విద్యార్థికి మొదటి ఏడాది శవచ్ఛేదన గదిలో గడుస్తుంది. రెండో ఏడాది వార్డులో అడుగుపెడతాడు. శవం ముందు వణకని చేతులు రోగి మంచం పక్కన వణుకుతాయి. శవం ఎదురు ప్రశ్న వేయదు. రోగి వేస్తాడు. ఏడుస్తాడు, దాస్తాడు, ఒక్కోసారి మొహం తిప్పుకుంటాడు. ఏమి అడగాలో పుస్తకంలో ఉంది గానీ ఎట్లా అడగాలో ఎక్కడా లేదని వైద్య విద్యార్థులు తరచుగా వాపోతుంటారు. వైద్య విద్యా నిపుణులు ఈ బెరుకుకు 'కమ్యూనికేషన్ స్కిల్స్ కొరత' అని పేరు పెట్టారు. అది వ్యక్తి లోపమనీ, శిక్షణతో పోతుందనీ వారి నమ్మకం. ఆ పేరు సగం నిజమే చెబుతుంది. చెప్పని సగం కులంలో ఉంది.

నేను వైద్యుణ్ణి కాను. తిరుపతిలో సామాజిక శాస్త్రం బోధిస్తున్నాను. సభలకూ, చర్చలకూ, పుస్తకాల కోసమూ వచ్చే వైద్య విద్యార్థులతో కొన్నేళ్లుగా మాట్లాడుతున్నాను. వారి భయాలు వింటున్న కొద్దీ నాకు స్పష్టమైన విషయం ఒకటుంది. రోగితో మాట్లాడటానికి అందరూ భయపడతారు. కానీ అందరూ ఒకే కారణానికి భయపడరు. ఏ కారణానికి ఎవరు భయపడతారో గమనిస్తే మన వైద్య విద్య లోపలి సామాజిక నిర్మాణం బయటపడుతుంది.

మంచానికి అటూ ఇటూ

ముందు ఈ ప్రాంతపు వైద్య పటాన్ని చూద్దాం. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో ఏర్పడింది. రుయా దాని బోధనాసుపత్రి. 1993లో స్విమ్స్ వచ్చింది. దానికి అనుబంధంగా 2014లో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల మొదలైంది. కుప్పంలో పీఈఎస్, చిత్తూరులో అపోలో వైద్య కళాశాలలు ఉన్నాయి. సరిహద్దు దాటితే 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన వైద్యశాల నుంచి ఎదిగిన వేలూరు సీఎంసీ ఉంది. మన పల్లెల్లో 'రాయవేలూరికి పోయినారు' అంటే జబ్బు పెద్దదని అర్థం.

ఈ ఆసుపత్రుల మంచాల మీద ఉన్నదెవరు? సత్యవేడు, పలమనేరు, పుంగనూరు, పీలేరు పల్లెల నుంచి వచ్చిన మాల, మాదిగ, యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలు. చిన్న కమతాల వెనుకబడిన కులాలు. తమిళ సరిహద్దు గ్రామాల అరుంధతీయులు. ప్రభుత్వాసుపత్రి వార్డులో అత్యధికులు కూలి మీద బతికేవాళ్లే. మంచం పక్కన నిలబడ్డదెవరు? రెండేళ్లో మూడేళ్లో కార్పొరేట్ కళాశాల హాస్టల్లో నీట్ కోసం భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం తప్ప మరేమీ చదవని పిల్లలు. వారిలో పట్టణపు ఆధిపత్య కులాల పిల్లలున్నారు. రిజర్వేషన్ ద్వారా వచ్చిన మొదటి తరం దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలూ ఉన్నారు. అఖిల భారత కోటాలో వచ్చి తెలుగు తెలియని పిల్లలూ ఉన్నారు.

మొదటి రకం విద్యార్థికి రోగి జీవితం తెలియదు. ఆరుగురు ఉండే ఒంటి గది ఇల్లు ఎట్లా ఉంటుందో, కూలి దొరకని నెలలో పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతుందో తెలియదు. అందుకని అతడి ప్రశ్నలు పుస్తకంలో ఉన్న వరుసలోనే వస్తాయి. జవాబు ఆ వరుస తప్పితే తడబడతాడు. తడబాటును కప్పిపుచ్చుకోవడానికి గొంతు పెంచుతాడు. మన ఆసుపత్రుల్లో వినిపించే కసురు చాలావరకు ఇటువంటి భయం నుంచి పుట్టినదేనని నా అభిప్రాయం. అయితే భయపడ్డ ప్రతివాడికీ కసిరే హక్కు ఉండదు. ఆ హక్కు ఎవరి మీద చెల్లుతుందో కులం ముందే నిర్ణయించి పెట్టింది.

రెండో రకం విద్యార్థి పరిస్థితి వేరు. పల్లె నుంచి వచ్చిన దళిత విద్యార్థినికి రోగి మాట అర్థమవుతుంది. ఆ మాట తన అవ్వ మాటే. రోగితో ఐదు నిమిషాల్లో కలిసిపోతుంది. ఆమె భయం మరోచోట ఉంది. విన్నదాన్ని ఆంగ్లంలో ప్రొఫెసర్ ముందు చెప్పాలి. వ్యాకరణం తప్పితే నవ్వులు, ఉచ్చారణ తప్పితే మౌఖిక పరీక్షలో మార్కులు. రోగితో మాట్లాడగలిగిన నేర్పుకు మార్కులు లేవు. దాన్ని ఆంగ్లంలో ఒప్పజెప్పే నేర్పుకే ఉన్నాయి. అంటే ఏ సామర్థ్యం కొరవడిందని పాఠ్యప్రణాళిక విచారిస్తున్నదో, ఆ సామర్థ్యం ఉన్న విద్యార్థినే పరీక్ష చిన్నబుచ్చుతున్నది.

ఆమెకు మరొక భయం కూడా ఉంది. రోగులు డాక్టరును ప్రశ్నించరని మనం అనుకుంటాం. మన ప్రాంతంలో కాస్త పొలమూ పలుకుబడీ ఉన్న రోగి మూడు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాడు. 'మీది ఏ ఊరమ్మా? ఇంటిపేరేంది? మీ నాయన ఏం చేస్తాడు?' వినడానికి ఆప్యాయత. మూడో జవాబు ముగిసేసరికి కులం తేలిపోతుంది. ఆ తర్వాత కొందరి గొంతు మారుతుంది. 'పెద్ద డాక్టరు వస్తే చూపించుకుంటాంలే' అంటారు. తెల్లకోటు వేసుకున్న పిల్ల ఇంటిపేరు చెప్పడానికి ఒక్క క్షణం ఆగుతుందంటే, ఆ ఆగడాన్ని ఏ కమ్యూనికేషన్ పాఠం సరిచేస్తుంది?

సర్వనామంలో కులం

వైద్య విద్య ఆంగ్లంలో సాగుతుంది. ఆంగ్లంలో ఎదుటి మనిషికి సర్వనామం ఒక్కటే. చక్రవర్తికైనా చాకిరీ చేసేవాడికైనా అదే మాట. అందుచేత ఆంగ్ల పాఠ్యపుస్తకంలో రాసిన సంభాషణ పద్ధతులు తెలుగు వార్డులోకి రాగానే ఒక పెద్ద ప్రశ్న ముందు నిలబడిపోతాయి. ఈ మనిషిని 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా?

ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు గనుక విద్యార్థి వార్డులో విన్నదే నేర్చుకుంటాడు. ఏమి వింటాడు? చొక్కా ఇస్త్రీ చేసుకున్న వచ్చినవాడు 'మీరు'. అరవై ఏళ్ల కూలి మనిషి 'నువ్వు'. మోకాళ్ల నొప్పితో వచ్చిన ముసలమ్మ 'ఏమ్మా'. పారిశుద్ధ్య పని చేసే మనిషి 'ఏయ్'. ప్రసవం గదిలో నొప్పులు పడుతున్న ఆడమనిషికైతే అంతకన్నా కిందిమాట. ఇరవై ఏళ్ల కుర్రాడు తన తాత వయసున్న మనిషిని 'నువ్వు' అంటాడు. ఆ తాత 'సామీ' అనీ, 'దొరా' అనీ జవాబిస్తాడు. ఇద్దరికీ అందులో వింత కనిపించదు. తరతరాలుగా పొలం గట్టు మీద జరిగిన సంభాషణే తెల్లకోటు వేసుకుని మంచం పక్కన జరుగుతున్నది.

రాయలసీమలో 'నువ్వు' అనేది చనువు మాట కదా, ఇంట్లో పెద్దవాళ్లనూ అట్లాగే పిలుస్తాం కదా అని కొందరు అంటారు. నిజమే. మన ఊళ్లలో అమ్మను, అవ్వను, తాతను కూడా 'నువ్వు' అంటాం. అందులో ప్రేమ ఉంది. కానీ చనువుకు ఒక పరీక్ష ఉంది. అది రెండువైపులా నడవాలి. మనుమడు 'నువ్వు' అంటే అవ్వ కూడా 'నువ్వు' అంటుంది. ఆసుపత్రిలో రోగి తిరిగి 'నువ్వు' అన్నప్పుడు ఆ చనువు ఎంతసేపు నిలుస్తుందో చూడండి. ఒకవైపే నడిచే చనువును అధికారం అనాలి. ఏ కులాల వాళ్లను ఎన్ని తరాలుగా ఏకవచనంలో పిలిచారో తెలిసిన సమాజంలో ఆ అధికారానికి కులం అని కూడా పేరుంది.

చేతులు మారిన థర్మామీటరు

వైద్యుడి మాటనూ స్పర్శనూ కులం ఎట్లా శాసిస్తుందో అంబేడ్కర్ దాదాపు తొంభై ఏళ్ల కిందటే నమోదు చేశారు. ఆయన మరణానంతరం వెలుగు చూసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే ఆత్మకథాత్మక రచనలో, 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక లేఖను చేర్చారు. కథియవాడ్‌లోని ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య ప్రసవించిన కొద్ది రోజులకు జబ్బుపడింది. డాక్టరు దళితవాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల మాట మీద, రుసుముకు హామీ దొరికాక, వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. బాలింతను బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లింకు ఇచ్చాడు. అతడు ఉపాధ్యాయుడికి ఇచ్చాడు. ఉపాధ్యాయుడు భార్యకు పెట్టాడు. అదే వరుసలో అది వెనక్కి పోయింది. డాక్టరు దూరం నుంచే దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. తర్వాత మళ్లీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది.

ఈ సంఘటనలో గమనించవలసింది ఒకటుంది. ఆ డాక్టరుకు వైద్యం తెలియక కాదు, జబ్బు పేరు చెప్పగలిగాడు. మందు కూడా పంపాడు. ఆయన చేయనివి రెండే. రోగిని తాకలేదు, రోగితో మాట్లాడలేదు. ఆ రెండూ లేని వైద్యం ఎక్కడికి చేరుతుందో ఆ ఇంట్లో తేలింది.

అది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థొరాట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ 11 రాష్ట్రాల గ్రామాలను పరిశీలించి 2006లో ప్రచురించిన గ్రామీణ అస్పృశ్యత అధ్యయనంలో, దాదాపు మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి వెళ్లడం లేదని తేలింది. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు అందే వైద్యంపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మందు చేతికివ్వకుండా వదిలేయడం, తాకకుండా చూడటం, మాట్లాడే సమయం తగ్గించడం వంటి రూపాలను అది నమోదు చేసింది. నేడు థర్మామీటరు మూడు చేతులు మారకపోవచ్చు. ప్రశ్న మాత్రం మారుతున్నది. వార్డులో విద్యార్థి నర్సును అడుగుతాడు, నర్సు ఆయాను అడుగుతుంది, ఆయా రోగిని అడుగుతుంది. జవాబు అదే మెట్లెక్కి వెనక్కి వస్తుంది.

మాట తప్పితే రోగం తప్పుతుంది

మర్యాద మంచిదే గానీ, వైద్యం వేరు, మర్యాద వేరు అనేవారున్నారు. వారికి మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది కాలం. ఎన్ని రోజుల నుంచి దగ్గు అని విద్యార్థి అడుగుతాడు. కేస్ షీట్‌లో ఒక సంఖ్య రాయాలి. రోగి 'చెనక్కాయలు పీకేటప్పటి నుంచి ఉంది సామీ' అంటాడు. లేదా 'గంగజాతరకు ముందే మొదులైంది' అంటాడు. విద్యార్థికి విసుగు. సరిగా చెప్పమని గద్దిస్తే రోగి భయపడి ఏదో ఒక అంకె చెబుతాడు, 'పది దినాలు' అని. నిజానికి రోగి చెప్పింది చాలా కచ్చితమైన తేదీ. తిరుపతి గంగజాతర మే నెలలో జరుగుతుంది. ఈ ప్రాంతంలో ఖరీఫ్ వేరుశనగ వర్షాకాలం ముగిసే వేళకు చేతికొస్తుంది. ఆ కాలమానం తెలిసిన విద్యార్థి నెలల దగ్గును గుర్తిస్తాడు. తెలియని విద్యార్థి పది రోజుల దగ్గు రాసుకుంటాడు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమపు ప్రాథమిక సూత్రం. కసిరి రాబట్టిన ఆ అంకె ఒక క్షయ రోగిని ఇంటికి పంపేస్తుంది.

రెండోది పని. చిత్తూరు ప్రాంతం గ్రానైట్‌కు పేరుపడ్డది. రాయి కోసేవాడి ఊపిరితిత్తుల్లో చేరే సిలికా ధూళి వల్ల వచ్చే జబ్బు, పైకి క్షయలాగే కనిపిస్తుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం అన్నీ ఉంటాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ. వృత్తి అన్న గడిలో 'కూలి' అని ఒక్క మాట రాసి వదిలేస్తే తేడా తెలియదు. ఏ కూలి? ఎక్కడ? ఎన్నేళ్లు? రాళ్లు కోశాడా, తోళ్లు శుద్ధి చేశాడా, మురుగు కాల్వలో దిగాడా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేశాడా? ఈ పనులను మన సమాజం కులాలవారీగా పంచిపెట్టింది. పనిని అడగడమంటే కులపు గాయాన్ని ముట్టుకోవడం. ఎట్లా ముట్టుకోవాలో నేర్పకపోతే విద్యార్థి ఆ ప్రశ్నే వదిలేస్తాడు.

మూడోది తిండి. రక్తహీనతతో వచ్చిన దళిత స్త్రీని ఏమి తింటావని అడిగితే ఆమె ముందు అడిగినవారి మొహం చూస్తుంది. ఇంట్లో గొడ్డుమాంసం తినే అలవాటుంటే చెప్పదు. ఆ మాటకు ఎదుటివాళ్ల మొహం ఎట్లా మారుతుందో ఆమెకు బాగా తెలుసు. 'అన్నం, చారు' అంటుంది. పాలు, పండ్లు, ఖర్జూరాలు తినమని సలహా రాసి పంపుతారు. చవకగా దొరికే ఇనుము, మాంసకృత్తులు ఆమె వంటింట్లోనే ఉన్నా ఆ సంభాషణలోకి రావు. యానాది యువకుడు పాముకాటుతో వస్తే ఎక్కడ కరిచిందన్న ప్రశ్నకు కూడా తడుముకుంటాడు. అడవి పేరెత్తితే ఏ కేసు మెడకు చుట్టుకుంటుందోనని అతడి జంకు.

నొప్పిని కొలవడంలోనూ పక్షపాతం పనిచేస్తుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లజాతి వైద్య విద్యార్థులు, రెసిడెంట్లలో సుమారు సగం మంది నల్లవారి శరీరం గురించి కనీసం ఒక తప్పుడు నమ్మకాన్ని నిజమని భావిస్తున్నట్టు తేలింది. నల్లవారి చర్మం మందమని నమ్మడం అందులో ఒకటి. అటువంటి నమ్మకాలున్నవారు నల్లవారి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. మన దగ్గర అట్లా కొలిచే పని మొదలు కావాలి. 'కాయకష్టం చేసే ఒళ్లు, తట్టుకుంటుందిలే' అన్న మాట మన వార్డుల్లో ఎవరి గురించి వినిపిస్తుందో ఆసుపత్రికి వెళ్లినవారందరికీ తెలుసు.

పాఠ్యప్రణాళికలో కులం ఎక్కడుంది?

భారత వైద్య మండలి 2018లో 'ఏట్‌కామ్' పేరుతో వైఖరి, నైతికత, సంభాషణల మాడ్యూళ్లను తెచ్చింది. మొత్తం 27. 2019లో చేరిన విద్యార్థుల నుంచి సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో భాగంగా అవి అమల్లోకి వచ్చాయి. మొదటి ఏడాది ఆరంభంలో ఫౌండేషన్ కోర్సు వచ్చింది. అందులో స్థానిక భాష నేర్పడానికి కూడా చోటుంది. తర్వాత వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమాన్ని చేర్చింది. విద్యార్థి కొన్ని పల్లె కుటుంబాలను ఎంచుకుని చదువు పొడుగునా వాటి ఆరోగ్యాన్ని గమనించాలి. ఇవన్నీ ఆహ్వానించదగ్గ మార్పులే. రోగితో మాట్లాడటం పుట్టుకతో వచ్చే సుగుణం కాదనీ, నేర్పవలసిన విద్య అనీ మన దేశంలో అధికారికంగా ఒప్పుకోవడమే పెద్ద ముందడుగు.

కానీ ఈ మాడ్యూళ్లలో రోగి ఒక 'వ్యక్తి'. అతడికి స్వయంనిర్ణయం ఉంది, గోప్యత ఉంది, సమ్మతి ఉంది. కులం మాత్రం లేనట్టే. కుల వివక్షను పేరు పెట్టి పిలిచి, అది వార్డులో ఎట్లా పనిచేస్తుందో చర్చించే పాఠం ప్రధాన స్థానంలో లేదు. అయితే వైద్య విద్య కులాన్ని అసలు ఎరగదా అంటే, ఎరుగును. సామాజిక వైద్యశాస్త్రంలో గ్రామీణ కుటుంబాల ఆర్థిక సామాజిక స్థాయిని కొలవడానికి ఉదయ్ పారీక్ 1964లో రూపొందించిన కొలమానాన్ని విద్యార్థులు చదువుతారు. అందులో తొమ్మిది అంశాలుంటాయి. వాటిలో కులం ఒకటి. షెడ్యూల్డ్ కులానికి అతి తక్కువ మార్కు, ఆధిపత్య కులానికి అతి ఎక్కువ మార్కు. కులాన్ని అంకెగా కొలవడం నేర్పిన చదువు, ఆ అంకె వెనుక ఉన్న మనిషిని ఎట్లా పలకరించాలో నేర్పలేదు.

కుటుంబ దత్తత ఏ వీధిలో ఆగుతుందో కూడా చూడాలి. కళాశాల బస్సు పంచాయతీ కార్యాలయం దగ్గర నిలుస్తుంది. నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న ఇళ్లు ఊరి ఇళ్లు. ఆది ఆంధ్రవాడ, అరుంధతీవాడ, ఎస్టీ కాలనీ ఊరికి అవతల ఉంటాయి. జాబితా రాసేవారు ప్రత్యేకంగా పూనుకోకపోతే, దత్తతకు నోచుకునే కుటుంబాలు కూడా కులం గీసిన హద్దు లోపలే ఉంటాయి.

ఇక విద్యార్థుల సంగతి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షపై థొరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. బోధనలో, మౌఖిక పరీక్షల్లో, హాస్టళ్లలో వివక్ష ఉందని ఆ విద్యార్థులు కమిటీకి చెప్పారు. 2019 మేలో ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వీ అనే ఆదివాసీ పీజీ విద్యార్థిని, 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో చదువుతున్న గిరిజన పీజీ విద్యార్థిని ప్రాణాలు కోల్పోయారు. రెండు సందర్భాల్లోనూ సీనియర్ల వేధింపులపై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు నమోదయ్యాయి. తమలో తాము ఇట్లా మాట్లాడుకునే వృత్తి, రోగితో మరోలా మాట్లాడుతుందని ఆశించగలమా?

రద్దీ అనే జవాబు

దీనికంతటికీ ఆసుపత్రుల నుంచి ఒక జవాబు వస్తుంది. రద్దీ. అది అబద్ధం కాదు. 67 దేశాల సమాచారాన్ని పరిశీలించి 2017లో 'బీఎంజే ఓపెన్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భారతదేశంలో ప్రాథమిక వైద్యుడు రోగికి ఇచ్చే సమయం సుమారు 2 నిమిషాలు. రుయా ఓపీ వరుసలో నిలబడ్డవారికి ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు. పైగా తప్పు ఎక్కడ జరిగినా రోగి బంధువుల ముందు నిలబడేది హౌస్ సర్జన్లు, జూనియర్ డాక్టర్లే. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వల్ల 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. అటువంటి రాత్రి బంధువులకు ఏమి చెప్పాలో, ఎవరు చెప్పాలో ఏ మాడ్యూలూ నేర్పలేదు. వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. చట్టం దాడి జరిగాక పనిచేస్తుంది. దాడికి ముందు గంటలో పనిచేసేది మాట ఒక్కటే.

ఇంత ఒప్పుకున్నాక కూడా రద్దీ పూర్తి జవాబు కాదు. ఆ 2 నిమిషాల్లోనే ఒక రోగిని 'కూర్చోండి' అంటారు, మరొకరిని నిలబెట్టే మాట్లాడతారు. ఒకరికి జబ్బు పేరు చెబుతారు, మరొకరికి చీటీ మాత్రమే ఇస్తారు. రద్దీ సమయాన్ని తగ్గిస్తుంది. తగ్గిన సమయాన్ని ఎవరికి ఎట్లా పంచాలో కులమూ తరగతీ నిర్ణయిస్తాయి.

తీరిక లేని చోట ఓపిక సాధ్యమేనా అని అడిగేవారు మన ప్రాంత చరిత్రనే చూడవచ్చు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం ప్రారంభమైంది. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదటిసారి వేసింది మదనపల్లెలోనే. అంతదాకా కనీవినీ ఎరగని సూదిని పల్లె జనం చేత ఒప్పించడమంటే ఊరూరా తిరిగి నచ్చజెప్పడమే. క్షయకు నెలల తరబడి మందు మింగించాలంటే ప్రతిసారీ మళ్లీ మాట్లాడాలి. మందు ఉన్నా మాట లేకపోతే రోగి మధ్యలోనే మానేస్తాడు. ఈ ప్రాంతపు ప్రజారోగ్యం మాట మీద నిలబడి వచ్చిందే.

ఏమి చేయాలి?

మొదటిది, అతి చవకైనది. ఓపీలోనూ వార్డులోనూ వయసు వచ్చిన ప్రతి రోగినీ 'మీరు' అనడం నియమం కావాలి. ప్రొఫెసర్ నుంచి స్ట్రెచర్ తోసే ఉద్యోగి దాకా అందరికీ వర్తించాలి. సర్వనామం మారితే కులం పోతుందని నేను అనడం లేదు. విద్యార్థి ప్రతిరోజూ నోటితో చేసే వివక్షకు మొదట అడ్డుకట్ట పడుతుందని అంటున్నాను.

రెండు, ఫౌండేషన్ కోర్సులో నేర్పే తెలుగు పత్రికల తెలుగు కాకూడదు. 'కండ్లు తిరగతా ఉండాయి', 'అన్నం సయించడం లేదు', 'ఎగశ్వాస', 'బేదులు', 'నెల తప్పింది', 'నీళ్లాడింది' అనే మాటలు తెలియని డాక్టరు ఈ ప్రాంతంలో సగం చెవిటివాడే. కుప్పంలో తమిళం, కన్నడం కూడా కావాలి. ఈ పాఠం చెప్పడానికి ఆశా కార్యకర్తలనూ, ఏఎన్ఎంలనూ, వార్డు ఆయాలనూ పిలవాలి. గౌరవ వేతనం ఇచ్చి, బోధకుల కుర్చీలో కూర్చోబెట్టాలి. తరగతి గదిలో ఒక దళిత ఆయా దగ్గర పాఠం విన్న విద్యార్థి ఆమెను వార్డులో 'ఏయ్' అని పిలవడానికి తడబడతాడు. ఆ తడబాటు మనకు కావాలి.

మూడు, పరీక్ష. దండీలో రొనాల్డ్ హార్డెన్ 1975లో పరిచయం చేసిన, స్టేషన్లవారీగా నైపుణ్యాన్ని పరీక్షించే పద్ధతి మన కళాశాలల్లోనూ ఉంది. అందులో కనీసం ఒక స్టేషన్ పూర్తిగా తెలుగులో, పల్లె రోగితో జరగాలి. మార్కుల్లో ఆ రోగికీ వాటా ఉండాలి. అప్పుడు అవ్వ భాష తెలిసిన విద్యార్థిని నేర్పు పరీక్షలో కూడా నేర్పు అవుతుంది.

నాలుగు, కుల వివక్షను పేరుతో సహా పాఠంగా చెప్పాలి. అంబేడ్కర్ రాసిన ఆ బాలింత మరణాన్ని ప్రతి వైద్య విద్యార్థీ ఒక కేసుగా చర్చించాలి. కుటుంబ దత్తతలో దళితవాడలు, ఎస్టీ కాలనీలు తప్పనిసరి కావాలి. వివక్షపై ఫిర్యాదు చేసుకునే వేదికలో విద్యార్థులకే కాక రోగులకూ ప్రవేశం ఉండాలి.

ఐదోది అన్నిటికన్నా కష్టమైనది. మంచం పక్కన నిలబడేది ఎవరన్న ప్రశ్న. 2023లో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సగం సీట్లను లక్షల ఫీజుల కేటగిరీలుగా విభజించారు. 2025లో మదనపల్లెతో సహా 10 కొత్త కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ప్రభుత్వాలు మారినా సీటు ధర కట్టే దిశ మారలేదు. కూలి మనిషి బిడ్డకు సీటు దూరమైన కొద్దీ, కూలి మనిషి మాట అర్థమయ్యే డాక్టరు వార్డుకు దూరమవుతాడు. రిజర్వేషన్‌ను ఉద్యోగాల పంపకంగానే చూసేవారు ఈ కోణాన్ని పట్టించుకోరు. రోగి భాష తెలిసినవారిని వైద్యంలోకి తెచ్చే మార్గం కూడా అదే.

వీటిలో మొదటి నాలుగింటికి కొత్త చట్టం అక్కరలేదు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒక ఉత్తర్వు ఇస్తే, తిరుపతి, చిత్తూరు, కుప్పం కళాశాలల అధిపతులు తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలు పెట్టవచ్చు. విద్యార్థి సంఘాలు ఫీజుల కోసం, స్టైపెండ్ కోసం పోరాడుతున్నాయి. అది న్యాయమైన పోరాటం. ఆ డిమాండ్ల పట్టికలో ఈ నాలుగూ చేర్చమని వారిని కోరుతున్నాను. రోగితో మాట్లాడటానికి భయపడుతున్న విద్యార్థికీ, డాక్టరుతో మాట్లాడటానికి భయపడుతున్న రోగికీ మధ్య అడ్డుగోడ ఒకటే. దాన్ని రెండువైపుల నుంచీ తవ్వాలి.